మా పాప గర్ల్ స్కౌట్ కుకీలు అమ్మిన సీజన్: నా అనుభవం

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో. మా పాప మూడో క్లాసు. గర్ల్ స్కౌట్స్ అనే ఆడపిల్లల సంస్థలో చేరి, ఆ పిల్లలు ఏటా కుకీలు (బిస్కెట్లు) అమ్మి డబ్బు పోగుచేసే కుకీ సీజన్‌లో, 2025లో మొదటిసారి అమ్మింది. చేరే ముందు తెలిసినవాళ్లను చాలామందినే అడిగాను. "ఏముందండీ, వాట్సాప్‌లో లింక్ పెడితే అయిపోతుంది" అన్నారు కొందరు. "మార్చి దాకా మీ శని, ఆదివారాలు మర్చిపోండి" అన్నారు ఇంకొందరు. రెండో మాటే నిజానికి దగ్గర. కానీ ఏ కాగితం మీద సంతకం పెడితే ఏ బాధ్యత మన మీద పడుతుందో, డబ్బు ఎప్పుడు కట్టాలో, పిల్ల ఎక్కడ నీరుగారిపోతుందో ఎవరూ విడమరిచి చెప్పలేదు. అన్నీ ఇంకా గుర్తుండగానే రాస్తున్నాను.

చేరడానికే నెల పట్టింది. బడి తెరిచిన ఆగస్టు చివర్లో వెబ్‌సైట్‌లో వెతికితే మా చుట్టుపక్కల ట్రూపులన్నీ, అంటే పిల్లల బృందాలన్నీ, నిండిపోయినట్టు చూపించింది. ట్రూపు నడిపేవాళ్లు జీతం తీసుకునేవాళ్లు కాదు, మనలాంటి తల్లులే. ఎవరో ఒకరు ముందుకొస్తే తప్ప కొత్త ట్రూపు పుట్టదు. వెయిటింగ్‌లో పేరు రాయించి ఊరుకోకుండా, మా పాప క్లాసులోని ఒక అమ్మాయి వాళ్లమ్మని నేరుగా అడిగాను. సెప్టెంబరు ఆఖరుకి వాళ్ల ట్రూపులో ఒక ఖాళీ వచ్చింది. సభ్యత్వం అప్పట్లో ఏడాదికి 25 డాలర్లు. రెండు, మూడు క్లాసుల పిల్లలను బ్రౌనీలు అంటారు. వాళ్లకు గోధుమ రంగు వెస్టు (చేతుల్లేని కోటు) ఉంటుంది. అదీ, దాని మీద అంటించే నంబర్లు, బ్యాడ్జీలూ కలిపి 60 డాలర్ల దాకా అయింది. అంటించడం అంటే ఇస్త్రీ పెట్టెతో అయిపోతుందనుకోకండి, నాలుగు ఉతుకులకు ఊడి వస్తాయి. సూదీ దారం తీసుకుని కుట్టేయడమే మంచిది. మా అమ్మ తెనాలి నుంచి నవంబరులో వచ్చింది కాబట్టి ఆ పని ఆవిడ చేతిలో పెట్టాను.

డిసెంబరు మొదటి వారంలో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు. ఈ మీటింగ్ మాత్రం ఎవరూ మానకండి. కుకీల వ్యవహారం అంతా చూడడానికి ట్రూపులో ఒక తల్లి ఉంటారు, కుకీ మేనేజర్ అంటారు. ఆవిడ ఓపిగ్గా అన్నీ చెప్పి, చివర్లో ఒక అంగీకార పత్రం ఇచ్చారు. అందులో ఉన్నది ఇంతే: మా అమ్మాయి పేరు మీద తీసుకున్న ప్రతి డబ్బాకీ డబ్బు కట్టాల్సింది మేమే, ఒకసారి తీసుకున్న డబ్బాలు ట్రూపు తిరిగి తీసుకోదు. డబ్బా 6 డాలర్లు. వంద డబ్బాలు ఇంటికి తెచ్చుకుంటే 600 డాలర్లు మన నెత్తిన ఉన్నట్టే. మా ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, "మిగిలిపోతే మనమే తినాలా?" అని అడిగారు. అవునన్నారు ఆవిడ. అందుకే, ఆర్డరు ఉన్నంత వరకే తీసుకోండి, అమ్ముడుపోతాయన్న ఆశతో ఎక్కువ తీసుకోకండి అని ఆవిడే గట్టిగా చెప్పారు.

డబ్బు ఎటు పోతుందో కూడా ఆ రోజే తెలిసింది. ఆరు డాలర్లలో కుకీలు తయారుచేసే కంపెనీ ఖర్చు పోగా మిగిలినది మన ప్రాంతంలో గర్ల్ స్కౌట్స్‌ను నడిపే కౌన్సిల్‌కు, ట్రూపుకు వస్తుంది. మా ట్రూపుకు డబ్బాకి డాలరు లోపే. పిల్లకు చేతికి డబ్బేమీ రాదు. అమ్మిన డబ్బాల లెక్కన బ్యాడ్జీలు, బొమ్మలు లాంటి బహుమతులు వస్తాయి. ఆ ఏడాది పాండా బొమ్మ ఉంది. మా పాప దాన్ని చూసీ చూడగానే "నూట యాభై డబ్బాలు అమ్ముతానమ్మా" అంది. లక్ష్యం పిల్లలే పెట్టుకోవాలి, మనం పెట్టకూడదు. ఆ అంకె విని నాకు గుండెల్లో రాయి పడినా నోరు మెదపలేదు.

ఇంట్లో మొదటి అడ్డంకి మా అమ్మ. "ఆడపిల్లను తీసుకెళ్లి ఇంటింటికీ తిప్పి అమ్మించడమేంటే?" అంది. పాప తన మీటింగ్‌లో విన్నది అమ్మమ్మకు చెప్పింది. మన పక్క రాష్ట్రం ఓక్లహోమాలో మస్కోగీ అనే ఊళ్లో 1917లో మిసిల్‌టో ట్రూపు ఆడపిల్లలు ఇంట్లో కుకీలు కాల్చి, వాళ్ల హైస్కూలు కెఫెటీరియాలో అమ్మారట, అక్కడి నుంచి మొదలైందట. అమ్మ అంతా విని, "అమ్మితే అమ్ముకో తల్లీ. కానీ తెలిసినవాళ్ల దగ్గరికి వెళితే మొహమాటానికి కొంటారు. ఇష్టం లేకపోయినా కొంటారు. అది నువ్వు అమ్మినట్టు కాదు" అంది. ఆ మాట నాకు సీజన్ అంతా పనికొచ్చింది. ఇక్కడ మన తెలుగువాళ్లలో అదే జరుగుతుంది. ఒకరి పాప దగ్గర మనం కొంటాం, మన పాప దగ్గర వాళ్లు కొంటారు, ఎవరికీ కుకీలు అక్కర్లేదు. దాంతో పిల్ల నేర్చుకునేదేమీ ఉండదు.

అందుకని మేం ముగ్గురం కూర్చుని, పాప చెప్పే మాటల్లో చివర ఒక వాక్యం చేర్చాం. "వద్దంటే పర్లేదు ఆంటీ, నేనేమీ అనుకోను." వినడానికి చిన్న మాటే. కానీ ఆ మాట తర్వాత "వద్దమ్మా, మా ఇంట్లో ఎవరూ తినరు" అని హాయిగా చెప్పేసిన ఆంటీలు చాలామంది. కొన్నవాళ్లు నిజంగా ఇష్టపడి కొన్నారు.

జనవరి మొదట్లో డిజిటల్ కుకీ నుంచి, అంటే గర్ల్ స్కౌట్స్ ఆన్‌లైన్ అమ్మకాల వెబ్‌సైట్ నుంచి, ఈమెయిల్ వచ్చింది. తల్లిదండ్రులు ఖాతా తెరిస్తే పిల్ల పేరు మీద ఒక పేజీ వస్తుంది. ఇంటిపేరు రాయకూడదు, మొదటి పేరు మాత్రమే ఉండాలి. పిల్ల తన లక్ష్యం రాసి, చిన్న వీడియో పెట్టొచ్చు. ఆ వీడియోకి ఒక సాయంత్రం మొత్తం పోయింది. మేం రాసిచ్చింది పాప బట్టీపట్టి చెబితే పాఠం అప్పజెప్పినట్టుంది. చివరికి కాగితం పక్కన పడేసి, "నీకేది ఇష్టమో అది చెప్పు" అంటే, సమోవాస్ అనే కుకీలు తింటే కొబ్బరి పళ్లలో ఇరుక్కుంటుంది, అయినా అవే ఇష్టం అని నవ్వుతూ చెప్పింది. అదే పెట్టేశాం.

ఆ పేజీ గురించి రెండు సంగతులు ముందే తెలుసుకుంటే మంచిది. కొనేవాళ్లు "పాప తెచ్చిస్తుంది" అన్నది ఎంచుకుంటే ఆ ఆర్డరు మన దగ్గరకు వచ్చి ఆగుతుంది. ఐదు రోజుల్లో మనం లోపలికి వెళ్లి ఒప్పుకోవాలి. లేకపోతే అది మనకు దక్కదు. మనం వాట్సాప్‌కు అలవాటుపడి ఈమెయిల్ చూడం కదా, ఆ రెండు నెలలు రోజూ రాత్రి పడుకునే ముందు చూడడం నా పని. రెండోది పోస్టు ఖర్చు. దూరంగా ఉన్నవాళ్లకు నేరుగా ఇంటికే పంపిస్తారు గానీ కొద్ది డబ్బాలకు ఆ చార్జీ చాలా ఎక్కువ అనిపిస్తుంది. న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు ఆ చార్జీ చూసి ఆగిపోయి, డబ్బాలు తనకు పంపకుండా సైన్యంలో ఉన్నవాళ్లకు దానమిచ్చే పద్ధతి ఎంచుకుంది. పాప లెక్కలో అవి కూడా చేరతాయి. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు కూడా ఉత్సాహపడ్డాడు కానీ ఇండియాకు పంపే ఏర్పాటు లేదు.

వాట్సాప్ విషయం కూడా చెప్పాలి. "మాకు ఐదు డబ్బాలు రాసుకో", "మాకు పది" అని గ్రూపులో బొటనవేళ్లు చూపించినవాళ్లను లెక్కలో వేసుకోవద్దు. మా కుకీ మేనేజర్ చెప్పినట్టే, లింకులో డబ్బు కట్టినది, లేదా ఆర్డరు కాగితం మీద పేరు రాసి ఫోన్ నంబరు ఇచ్చినది, ఇవే ఆర్డర్లు. మిగతావి మంచి మాటలు. ఆ తేడా తెలియక గ్రూపులో చెప్పిన అంకె పట్టుకుని డబ్బాలు తెచ్చుకున్న వేరే ట్రూపు తల్లి ఒకరు మార్చి దాకా బాధపడ్డారు.

సీజన్ మొదలయ్యే వారమే, జనవరి 9, 10 తేదీల్లో, డాలస్‌లో మంచు పడింది. బళ్లు మూసేశారు. వీధంతా తెల్లగా ఉంటే పాప వెస్టు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఇంటింటికీ వెళ్లడం ఆదివారం మధ్యాహ్నానికి గానీ కుదరలేదు. పెద్దవాళ్లు పక్కన ఉండాలి, కానీ మాట్లాడాల్సింది పిల్లే. నేను కాలిబాట మీద ఆగేదాన్ని, పాప తలుపు దాకా వెళ్లేది. అమ్మకానికి రావద్దని బోర్డు పెట్టిన ఇళ్లు వదిలేశాం.

నేను ఊహించనిది డోర్‌బెల్ కెమెరా. చాలా ఇళ్లలో తలుపు తీయరు, బెల్లులోంచే మాట్లాడతారు. పాప మొదటి ఇంట్లో మనిషి ముఖం కోసం అటూ ఇటూ చూసి, గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియక నోట మాట రాక నిలబడిపోయింది. ఆ బెల్లులోంచి ఒక పెద్దాయన "నేను ఆఫీసులో ఉన్నానమ్మా, ఏంటి విషయం?" అని ఇంగ్లీషులో అడిగాడు. పాప నా వైపు తిరిగింది. కాళ్లు వెళ్లబోయాయి గానీ ఆగాను. కాసేపటికి అదే బెల్లు వైపు తిరిగి తన మాటలు మొత్తం చెప్పింది, చివరి వాక్యంతో సహా. ఆయన లింకు అడిగి అక్కడికక్కడే కొన్నాడు. పాప పేజీ లింకు కోడ్ అచ్చువేసిన చిన్న చీటీలు మేం ముందే చేసి ఉంచుకున్నాం కాబట్టి కెమెరాకి చూపించింది. ఆ చీటీలు తప్పకుండా చేసుకోండి. ఇంట్లో లేనివాళ్ల తలుపు దగ్గర పెట్టి రావడానికి కూడా అవే.

అదే రోజు మూడు ఇళ్లు వరసగా వద్దన్నాయి. ఒకావిడ మర్యాదగానే అన్నారు, ఒకాయన మాట పూర్తికాకుండానే తలుపు వేశాడు. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆయనకి నా మీద కోపం ఎందుకమ్మా?" అంది. కోపం నీ మీద కాదు, ఆయన ఏ పనిలో ఉన్నాడో మనకు తెలియదు కదా అన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. ఇంటికెళ్దామా అంటే తల ఊపింది. వచ్చేశాం. మర్నాడు బడి నుంచి రాగానే తనే ఆర్డరు కాగితం బయటికి తీసింది. నాకు ఆ క్షణం చాలా సంతోషమేసింది. అడిగిందీ లేదు, బతిమాలిందీ లేదు.

సంక్రాంతికి, జనవరి 18 శనివారం, స్నేహితుల ఇంట్లో బొమ్మల కొలువు, పిల్లలకు భోగిపళ్లు. భోగిపళ్లు పోస్తుంటే పాప ఆర్డరు కాగితం తీయకూడదని నేను చెప్పాను. పేరంటం అయ్యాక, భోజనాల దగ్గర, ఆ ఇంటి ఆవిడని అడిగి కాసేపు ఒక పక్క కూర్చుంది. అక్కడ అందరూ అడిగింది ఒకటే ప్రశ్న, "గుడ్డు ఉందా?" పాపకు సమాధానం తెలీదు. ఇంటికొచ్చాక కూర్చుని పదార్థాల జాబితాలు చదువుకుంది. థిన్ మింట్స్ అనే రకం పాలూ గుడ్డూ లేకుండా చేస్తారు. అది ఒకటి గట్టిగా గుర్తు పెట్టుకుంది. మిగతావాటికి "డబ్బా మీద రాసింది మీరే చూడండి ఆంటీ" అని చూపించేది. ట్యాగలాంగ్స్, డో-సి-డోస్‌లో వేరుశనగ ముద్ద ఉంటుందని ముందే చెప్పేసేది, వాళ్ల క్లాసులో ఒక పిల్లకి వేరుశనగ పడదు కాబట్టి ఆ జాగ్రత్త దానికి ముందునుంచీ ఉంది. మన తెలుగువాళ్లకు అమ్మేటప్పుడు ఈ గుడ్డు ప్రశ్నకు పిల్లను ముందే సిద్ధం చేయండి.

మా ఆయన ఆఫీసుకు తీసుకెళ్లే విషయంలో చిన్న చర్చ జరిగింది. ఆయన తీసుకెళ్లి టేబుల్ మీద పెడితే యాభై డబ్బాలు సులువుగా పోతాయి. కానీ పాప చేసిందేముంది? చివరికి పాప తన చేత్తో రాసిన ఒక ఉత్తరం, ఆర్డరు కాగితం టీ గదిలో పెట్టి ఊరుకున్నారు. ఎవరినీ అడగలేదు. పద్దెనిమిది డబ్బాలు వచ్చాయి. చాలనుకున్నాం.

జనవరి ఆఖరుకి మొదటి ఆర్డరు లెక్క ఇచ్చేశాం. తర్వాత రెండు వారాల నిరీక్షణ. ఫిబ్రవరి 8 శనివారం పొద్దున్నే ఒక పెద్ద పార్కింగ్‌లో పంపిణీ. డబ్బాలు అట్టపెట్టెల్లో వస్తాయి, పెట్టెకు పన్నెండు. కార్ల వరుస, ఒక్కో రకం దగ్గర ఆగడం, వాలంటీర్లు డిక్కీలో పెట్టడం. పెట్టెలు లెక్కపెట్టుకోకుండా సంతకం పెట్టవద్దు. పెట్టేశాక తేడా వస్తే అది మనదే. మాకు ఒక పెట్టె ట్రెఫాయిల్స్ బదులు లెమన్-అప్స్ పెట్టారు, అక్కడే చూసుకున్నాం కాబట్టి మార్చి ఇచ్చారు. మా ఇంటి ముందుగది గోడ పొడుగునా పెట్టెలే. గ్యారేజీలో పెట్టలేదు. ఫిబ్రవరి మొదటి వారంలో మా దగ్గర వేసవిలా ఎండ కాసింది, గ్యారేజీలో చాక్లెట్ పూత కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. చీమల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పంచడం నేననుకున్నదానికంటే పెద్ద పని. ఒక్కో ఇంటికి ఒక్కో సంచి, సంచి మీద పేరు, డబ్బు కట్టారో లేదో. ఇక్కడ మా అమ్మ పూర్తిగా రంగంలోకి దిగింది. పాత కిరాణా ఖాతా పుస్తకంలా గీతలు గీసి, పేరు, రకం, డబ్బాలు, ముట్టింది, బాకీ అని తెలుగులో రాసింది. పాప అది చదవడం కోసం తెలుగు అంకెలు కాదు గానీ అక్షరాలు కూడబలుక్కుంది. ఎవరిచ్చిన డబ్బైనా ఆ రోజే రాయాలి, రేపటికి ఉంచకూడదని అమ్మ పెట్టిన నియమం. ఆ నియమం వల్లే చివర్లో మా లెక్క సెంటుతో సహా సరిపోయింది. డిజిటల్ కుకీ యాప్‌లో కార్డుతో కట్టినవి వాటంతట అవే నమోదవుతాయి. నగదు, చెక్కులే జాగ్రత్తగా చూసుకోవాలి. ఇంట్లో చేరిన నగదు ట్రూపు ఖాతాలో వేయడానికి వారానికోసారి గడువు ఉండేది.

ఫిబ్రవరి రెండో వారం చివరి నుంచి బూత్‌లు. కిరాణా దుకాణాల ముందు టేబుల్ వేసుకుని రెండు గంటలు అమ్మడం. మంచి చోట్లు, మంచి వేళలు అందరికీ కావాలి, చీటీలు తీసినట్టు కేటాయిస్తారు. శనివారం మధ్యాహ్నం దొరికితే అదృష్టమే. మాకు ఒకటి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చింది, ఆ వేళకు జనమే లేరు. ప్రతి బూత్‌లో ముందే నమోదు చేసుకున్న పెద్దవాళ్లు ఇద్దరు ఉండాలి. ఇద్దరిలో ఒకరు రాకపోతే బూత్ తెరవకూడదు. అందుకే ఎవరికి జ్వరమొచ్చినా ముందురోజు రాత్రే గ్రూపులో చెప్పుకునేవాళ్లం. ఆ నమోదుకు నేర చరిత్ర పరిశీలన ఉంటుంది, దానికి కొన్ని రోజులు పడుతుంది. సీజన్ దాకా ఆగకుండా నవంబరులోనే చేయించుకోండి.

చిల్లర గురించి. డబ్బా ఆరు డాలర్లు కాబట్టి అందరూ 20 నోటు ఇస్తారు. ఒక డబ్బాకి పద్నాలుగు, రెండిటికి ఎనిమిది, మూడిటికి రెండు తిరిగి ఇవ్వాలి. ఒకటి, ఐదు నోట్లు కట్టలు కట్టలు కావాలి. బ్యాంకు శనివారం మధ్యాహ్నానికి మూసేస్తారు, శుక్రవారమే తెచ్చుకోవాలి. పాపకు ఆరో ఎక్కం ఆ వారాల్లో వచ్చినంత బాగా బడిలో రాలేదు. మొదటి బూత్‌లో వేళ్ల మీద లెక్కపెడుతుంటే కొనేవాళ్లు ఓపిగ్గా నిలబడ్డారు. ఒక పెద్దావిడ "నిదానంగా చెయ్యమ్మా, నాకు తొందరేం లేదు" అన్నారు. ఆవిడకు నేను మనసులో దండం పెట్టుకున్నాను. చాలామంది చిల్లర దానం డబ్బాలో వేసి వెళ్లిపోయేవారు.

మొదటి గంట పాప టేబుల్ వెనకాల నుంచి కదల్లేదు. ఐదో క్లాసు చదివే ఒక అమ్మాయి (బ్రౌనీల పై గుంపును జూనియర్లు అంటారు, అందులోది) మా బూత్‌కి సాయం వచ్చింది. తను పాప పక్కన నిలబడి, "లోపలికి వెళ్లేవాళ్లను అడగకు, చేతిలో జాబితా పట్టుకుని తొందరలో ఉంటారు. బయటికొచ్చేవాళ్లను అడుగు" అంది. ఇంత చిన్న సంగతి మాకు ఎవరికీ తట్టలేదు. ఆ తర్వాత అమ్మకాలు మారిపోయాయి. పిల్లలు పిల్లల దగ్గరే త్వరగా నేర్చుకుంటారు. వీలైతే మీ పిల్లకు తనకంటే పెద్ద పిల్లలున్న బూత్ ఒకటి దొరికేలా చూడండి.

వద్దనేవాళ్లు రకరకాలు. షుగర్ ఉందనేవాళ్లు, డైటింగ్ అనేవాళ్లు, మా మనవరాలు కూడా అమ్ముతోంది అనేవాళ్లు. పాప అందరికీ థాంక్స్ చెప్పి, మీ రోజు బాగా గడవాలి అనేది. ఆ మాట విని పది అడుగులు వెళ్లి వెనక్కి వచ్చిన మనుషులున్నారు. స్మోర్స్ కుకీకి 2025 చివరి ఏడాది అని ఆ జనవరిలోనే ప్రకటించారు, దానికోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఒక రోజు ఒకాయన గట్టిగానే అడిగాడు, "ఈ కుకీల్లో లోహాలున్నాయట కదా, నువ్వు ఎలా అమ్ముతున్నావు?" డిసెంబరులో వచ్చిన ఒక రిపోర్టు అప్పటికి సోషల్ మీడియాలో బాగా తిరుగుతోంది. కుకీలు సురక్షితమేనని గర్ల్ స్కౌట్స్ సంస్థ ప్రకటన కూడా ఇచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లను అడగాల్సిన తీరు అది కాదని నాకు కోపం వచ్చింది. పాప మాత్రం, "నాకు తెలీదండీ, మా లీడర్‌ని అడగండి" అని పక్కకు చూపించింది. తెలియనిది తెలియదని చెప్పడం, పెద్దవాళ్లకు అప్పజెప్పడం ట్రూపు మీటింగ్‌లో ముందే నేర్పించారు. లీడర్ ఆయనతో మాట్లాడారు. ఆయన కొనలేదు, కానీ వెళ్తూ పాపకు చేయి ఊపాడు.

ఫిబ్రవరి మూడో వారంలో గడ్డకట్టే చలి పడింది. ఒక బూత్ రద్దయింది. తర్వాతి దానికి పాపకు రెండు స్వెట్టర్ల మీద వెస్టు వేశాం, చిన్నదైపోయింది. వెస్టు కొనేటప్పుడు ఒక సైజు పెద్దది తీసుకోండి. ఆ రోజు మా అమ్మ కూడా శాలువా కప్పుకుని వచ్చింది. ఫ్లాస్కులో వేడి పాలు తెచ్చి పిల్లలందరికీ పోసింది. టేబుల్ దగ్గర కుర్చీలో కూర్చుని చూసి, కారెక్కాక నాతో అంది, "ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర భయం లేకుండా మాట్లాడుతోందే. నేనీ వయసులో మా నాన్న స్నేహితులొస్తే తలుపు చాటుకు పోయేదాన్ని." తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

చివరి పది రోజులు వేరే రకం టెన్షన్. థిన్ మింట్స్, సమోవాస్ అందరి దగ్గరా అయిపోయాయి. టాఫీ-టేస్టిక్, ట్రెఫాయిల్స్ మిగిలాయి. ట్రూపు గ్రూపులో "రెండు సమోవాస్ ఇస్తే మూడు ట్రెఫాయిల్స్ ఇస్తా" అని బేరాలు. వాలంటీర్ల ఇళ్లలో అదనపు సరుకు ఉంచే చోట్లుంటాయి, వాటిని కుకీ కప్‌బోర్డులు అంటారు, కుకీ మేనేజర్ మాత్రమే అక్కడినుంచి తేగలరు. టాఫీ-టేస్టిక్‌లో గోధుమ ఉండదు. గోధుమ పడనివాళ్లకు అదొక్కటే మా దగ్గరున్నది అని పాప కాగితం మీద పెద్దక్షరాలతో రాసి టేబుల్‌కి అంటించింది. ఆ ఆలోచన తనదే. మిగిలినవి ఆ ఒక్క బూత్‌లోనే దాదాపు అయిపోయాయి.

మార్చి మొదటి వారంలో అన్నీ ముగించి డబ్బు కట్టేశాం. పాప నూట అరవై దాటింది. మా ఇంటికి మిగిలినవి నాలుగు డబ్బాలు, అవి మేమే కొనుక్కున్నాం. సభ్యత్వం, వెస్టు, సంచులు, చీటీల అచ్చు, పెట్రోలు, మేం తిన్న కుకీలు అన్నీ కలిపితే మా చేతి నుంచి 200 డాలర్లకు పైనే అయింది. ట్రూపుకు పాప వల్ల వచ్చినది అంతకంటే తక్కువే. లెక్క కోసమే అయితే ఆ డబ్బు నేరుగా ట్రూపుకు ఇచ్చేయొచ్చు. నేను మాత్రం ఇలాగే చేయిస్తాను.

మార్చి చివర్లో పన్నెండు మంది పిల్లలు కూర్చుని ట్రూపుకు వచ్చిన డబ్బు, పదిహేను వందల డాలర్ల దాకా, ఏం చేయాలో తేల్చుకున్నారు. తల్లులం వెనక కూర్చున్నాం, మాట్లాడకూడదు. కొందరు వాటర్ పార్కు అన్నారు, కొందరు క్యాంపులో రాత్రి బస అన్నారు. గంటసేపు వాదించుకున్నారు. మా పాప చెయ్యెత్తి, కొంత కుక్కల షెల్టరుకు ఇవ్వాలి అంది. ముందు ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ చెయ్యెత్తింది. ఓట్లు వేసుకుని, మేలో క్యాంపు, రెండు వందలు షెల్టరుకు అని నిర్ణయించారు. పాండా బొమ్మ ఇంకా రాలేదు, బహుమతులు ఏప్రిల్ చివర్లోనో మేలోనో వస్తాయట. రోజూ అడుగుతోంది.

వచ్చే సీజన్‌కి ఎవరైనా చేర్పించాలనుకుంటే జనవరి దాకా ఆగకండి. ట్రూపులో చోటు కోసం ఆగస్టులోనే వెతకడం మొదలుపెట్టండి. చోటు లేదంటే, మీలో ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి కొత్త ట్రూపు తెరవగలరేమో అడగండి. మా వీధిలో ఇంకో ఇద్దరు తెలుగు తల్లులు ఇప్పుడు అదే పనిలో ఉన్నారు, వాళ్లకు లెక్కలు చూసిపెట్టడానికి నేను ఒప్పుకున్నాను. మా అమ్మ మే నెలలో తెనాలి వెళ్లిపోతోంది కాబట్టి ఆ ఖాతా పుస్తకం పద్ధతి ఈలోపు పూర్తిగా నేర్చుకోవాలి.